నేల ఉసిరిక – కామెర్లు: ఒక విమర్శ

తొలకరి వానలు కురిసిన మూడు నాలుగు వారాలకు మెట్టచేల గట్లమీద, తోటలలో, పాఠశాలల ప్రహరీగోడల వెంబడి జానెడు మొదలు మూరెడు వరకు పెరిగే ఒక సన్నని మొక్క కనిపిస్తుంది. నిటారుగా నిలిచిన కాండం నుంచి ప్రక్కలకు సన్నని రెమ్మలు సాగి, వాటికి రెండు వైపులా చింతాకువలె చిన్న చిన్న ఆకులు బారులు తీరి ఉంటవి. చీకటి పడేసరికి ఆ ఆకులు ముడుచుకొంటవి. రెమ్మను వెనుకకు త్రిప్పి చూస్తే ఆకుల అడుగున, ఆవగింజకంటె కొంచెం పెద్దవైన పచ్చని కాయలు వరుసగా వ్రేలాడుతుంటవి. చూపునకు అవి ఉసిరికాయలకు చిట్టి నమూనాలు. అందుచేతనే దీనికి నేల ఉసిరిక అని పేరు వచ్చింది. తమిళులు కీళానెల్లి అంటారు. నెల్లి అంటే ఉసిరి, కీళ్ అంటే క్రింద. రైతు దీనిని కలుపు అని పీకి పారవేస్తాడు. ఇంట్లో ఎవరికైనా కన్నులు పచ్చబడితే ఆ రైతే దీనికోసం గట్లవెంట వెతుకుతాడు.

మూలికలను గురించి తెలుగులో వెలువడే చిన్న పుస్తకాలలోను, పత్రికల ఆరోగ్య శీర్షికలలోను ఈ మొక్కకు తప్పక ఒక పుట ఉంటుంది. ఆ పుటలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటవి. మొదట లాటిన్ పేరు, దాని తరువాత సంస్కృత నామాలు, ఆపైన ఇది పోగొట్టే వ్యాధుల పట్టీ: కామెర్లు, మధుమేహం, మూత్రంలో రాళ్ళు, జ్వరం, దగ్గు, గజ్జి, కుసుమరోగాలు. చిట్టచివర, "ఈ గుణాలను ఆధునిక శాస్త్రజ్ఞులు కూడా నిరూపించారు" అనే వాక్యం. పట్టీ మాట ఎట్లా ఉన్నా ఈ చివరి వాక్యాన్ని మాత్రం ఊరికే దాటిపోరాదు. ఏ శాస్త్రజ్ఞులు? ఏ మొక్కతో? ఏ జబ్బుమీద? ఏమని నిరూపించారు? వ్రాసినవారు ఈ ప్రశ్నలు వేసుకోలేదు. చదివేవారు, ముఖ్యంగా విద్యార్థులకు పాఠం చెప్పేవారు వేసుకోక తప్పదు.

మొదటి చిక్కు పేరులోనే ఉన్నది. మన పుస్తకాలలో చాల భాగం నేల ఉసిరికను ఫిల్లాంథస్ నిరూరి అని చెప్పుతవి. ఈ పేరు 1753లో లిన్నేయస్ పెట్టినది. పందొమ్మిదో శతాబ్దంలో భారతదేశపు వృక్షజాతులను వర్ణించినవారు మన చేలలో కనిపించే ఈ రూపపు మొక్కలకు చాలవరకు ఆ పేరే తగిలించారు. ఆ తరువాతి గ్రంథాలన్నీ దానినే దింపుకొన్నవి. 1957లో వెబ్‌స్టర్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు వెస్టిండీసు దీవుల ఫిల్లాంథస్ జాతులను నిశితంగా పరీక్షించి, అసలైన నిరూరి అమెరికా ఖండపు మొక్క అని తేల్చాడు. మన దేశంలో ఆ పేరుతో చెలామణి అవుతున్నది ఒక మొక్క కాదు, కొన్ని మొక్కల గుంపు. వాటిలో ఎక్కువగా దొరికేది ఫిల్లాంథస్ అమారస్. 1827లోనే దానికి ఆ పేరు పెట్టి వర్ణించారు. 'అమారస్' అంటే చేదైనది. దాని ప్రక్కనే ఫ్రాటెర్నస్, డెబిలిస్, యూరినేరియా, మదరాస్‌పటెన్సిస్ అనే జాతులు కూడా ఉన్నవి. 1985లో మిత్రా, జైన్ అనే భారతీయ శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని మన దేశపు గ్రంథాలకు అన్వయించి వివరంగా వ్రాశారు. అప్పటినుంచి ఇన్ని ఏళ్ళు గడచినా మన మూలికల పుస్తకాలకు ఈ కబురు అందలేదు.

ఇది వృక్షశాస్త్రజ్ఞుల గిల్లికజ్జా అని కొందరు అనుకోవచ్చు. కాని ఈ మొక్కలను వేరు చేయటానికి పెద్ద పరికరం కూడా అక్కరలేదు. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు. అమారస్ పువ్వుకు అయిదు రక్షకపత్రాలు ఉంటవి. ఫ్రాటెర్నస్‌కు, డెబిలిస్‌కు ఆరేసి. అమారస్ రెమ్మమీద ఒక్కొక్క ఆకు మొదట మగపువ్వు, ఆడపువ్వు జంటగా ఉంటవి; ఫ్రాటెర్నస్‌లో మగపువ్వులు రెమ్మ మొదలువైపునను, ఆడపువ్వులు కొనవైపునను వేరువేరుగా ఉంటవి. యూరినేరియాను కొన్నిచోట్ల ఎఱ్ఱ ఉసిరిక అంటారు. దాని కాండం ఎఱ్ఱని చాయతో ఉంటుంది. కాయకు తొడిమ దాదాపు ఉండదు. కాయపైన గరుకుగా బుడిపెలుంటవి. మదరాస్‌పటెన్సిస్ ఆకులు మొదట సన్నగా, కొన వెడల్పుగా ఉండి ఉసిరి ఆకును తలపింపజేయనే చేయవు. కాయను చిదిపితే అన్నింటిలోను మూడు గదులు, ఆరు గింజలు ఉంటవి. ఆ గింజమీది గీతలు మాత్రం జాతికొక తీరు. అమారస్ గింజకు నిలువుగీతలు, యూరినేరియా గింజకు అడ్డగీతలు. ఒక వానకాలంలో మా తరగతివారిని కళాశాల చుట్టుప్రక్కలనుంచి నేల ఉసిరిక మొక్కలు తెమ్మన్నాను. వారు తెచ్చిన కట్టను ఈ గుర్తుల ప్రకారం విడదీస్తే మూడు జాతులు తేలినవి. వారంతా ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవారే. ఆ మొక్కను చిన్ననాటినుంచి ఎరిగినవారే.

విద్యార్థుల కట్టలో ఇట్లా జరిగితే అంగడి సంచిలో జరగటం వింత కాదు. దక్షిణభారతంలోని 25 మూలికల అంగళ్ళనుంచి ఈ సరుకు కొని, బాహ్యలక్షణాలతోను, డి.ఎన్.ఎ. గుర్తులతోను పరీక్షించిన ఫలితాలు 2010లో ప్రకటితమైనవి. నూటికి 76 నమూనాలలో ప్రధానంగా అమారసే ఉన్నది. మిగిలినవాటిలో దానికి బదులు దాని బంధువులు ఉన్నవి. అంటే నాలుగు అంగళ్ళలో ఇంచుమించు ఒకదానిలో కొన్నవానికి వేరొక మొక్క చేతికి వచ్చిందన్న మాట. ఎండి, ముక్కలై, సంచిలోకి ఎక్కిన తరువాత పువ్వు రేకులు లెక్కపెట్టటం ఎవరి తరమూ కాదు.

పేరు తారుమారైతే కీర్తి కూడా తారుమారవుతుంది. దీనికి మూత్రపు రాళ్ళ సంగతి మంచి నిదర్శనం. అసలైన నిరూరి పెరిగే దక్షిణ అమెరికాలో ఆ మొక్కను 'రాతిని పగలగొట్టేది' అనే అర్థం వచ్చే పేర్లతో పిలుస్తారు. స్పానిష్ మాట్లాడే పెరూలో 'చాంకా పియెద్రా', పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్‌లో 'కెబ్రా పెద్రా'. రాళ్ళ రోగులమీద బ్రెజిల్‌లో పరిశోధనలు జరిగినవి. 2004లో ప్రకటించిన ఒకదానిలో, మూత్రంలో కాల్షియం అధికంగా పోయే రోగులకు ఆ కాల్షియం తగ్గిందని చెప్పారు. మొత్తం రోగులను కలిపి చూస్తే చెప్పుకోదగిన తేడా లేదు. ఈ సమాచారం ఫిల్లాంథస్ నిరూరి అనే పేరుతో మన దేశానికి వచ్చింది. మన పుస్తకాలలో ఆ పేరు క్రింద మన నేల ఉసిరిక బొమ్మ ఉన్నది కనుక రాళ్ళు కరిగించే గుణం దాని పట్టీలో చేరిపోయింది. మన మొక్కకు ఆ గుణం ఉండవచ్చు, లేకపోవచ్చు. కాని ఒకరి పరీక్ష మార్కులు మరొకరి జాబితాలో వేయటం న్యాయం కాదు.

ఇక సంప్రదాయం మాట. "వేల సంవత్సరాలుగా మన ఋషులు కామెర్లకు వాడిన మందు" అని వ్రాయటం పరిపాటి. చరకసంహితలో ఈ మొక్క తామలకి అనే పేరుతో ఉన్నది. ఔషధాలను గుణాన్నిబట్టి పదేసి చొప్పున కూర్చిన వర్గాలలో తామలకి దగ్గును పోగొట్టే వర్గంలోను, ఉబ్బసాన్ని పోగొట్టే వర్గంలోను కనిపిస్తుంది. చ్యవనప్రాశంలో కూడా ఇది పడుతుంది. మధ్యయుగపు నిఘంటువులకు వచ్చేసరికి దప్పి, దగ్గు, రక్తదోషాలతోపాటు పాండురోగం కూడా చేరుతుంది. కామెర్ల మందుగా దీనికి ఈనాడున్న ఏకైక ప్రతిష్ఠ ప్రాచీనగ్రంథాలకంటె పల్లెలలోని పసరువైద్యానికి ఎక్కువ ఋణపడి ఉన్నది. అందులో చిన్నతనమేమీ లేదు. గ్రంథం కంటె పల్లె తక్కువది కాదు. అయితే సంప్రదాయం పేరు చెప్పేవారు సంప్రదాయాన్ని కూడా చదివి చెప్పటం మంచిది. చరకుడు దగ్గుకు వ్రాసిన మొక్కను ఆయన సంతకంతో కామెర్లకు ఇవ్వటమెందుకు?

పల్లె పద్ధతి ఇది. మొక్కను వేరుతో సహా పీకి, కడిగి, మెత్తగా నూరి, ఆ ముద్దను మజ్జిగలో కలిపి పరగడుపున త్రాగిస్తారు. కొందరు మేకపాలలో ఇస్తారు. మూడు దినాలని కొందరు, ఏడు దినాలని కొందరు. ఉప్పు, నూనె నిషేధించి చప్పిడి పథ్యం పెట్టిస్తారు. ఆకులను ఉప్పుతో నూరి గజ్జికి పట్టువేయటం, మూత్రపు మంటకు కషాయం త్రాగటం కూడా ఉన్నవి. ఇవన్నీ జాగ్రత్తగా వ్రాసిపెట్టుకోదగిన ఆచారాలు. ఎవరు, ఎక్కడ, ఎంత మోతాదున, ఏ లక్షణానికి వాడుతున్నారో ఊరూరా సేకరించినవారికి శాస్త్రం ఋణపడి ఉంటుంది. మన పుస్తకాలలో ఆ పని కూడా సరిగా జరగలేదు. 'తగు మోతాదున' అనే మాట ఎవరికి ఏమి చెప్పుతుంది?

సరే, పసరు త్రాగినవారికి కామెర్లు తగ్గుతున్నవి కదా! తగ్గుతున్నవి. ఊరిలో ఎవరిని అడిగినా నలుగురి పేర్లు చెప్పుతారు. వారు అబద్ధమాడటం లేదు. కాని కామెర్లు అనేది జబ్బు పేరు కాదు, జబ్బు గుర్తు. రక్తంలోని ఎఱ్ఱకణాలు కాలం తీరి విరిగిపోయినపుడు పుట్టే బిలిరుబిన్ అనే పసుపుపచ్చని ద్రవ్యాన్ని కాలేయం గ్రహించి, పైత్యరసంతో ప్రేగులోకి పంపివేస్తుంది. ఈ దారిలో ఎక్కడ చిక్కుపడినా ఆ ద్రవ్యం రక్తంలో నిలిచిపోయి కన్నులకు, చర్మానికి పచ్చదనం వస్తుంది. ఎఱ్ఱకణాలు మితిమీరి విరగవచ్చు. కాలేయకణాలే వాచి పనిచేయకపోవచ్చు. కాలేయం బాగానే ఉండి, పైత్యనాళానికి రాయి గాని కంతి గాని అడ్డుపడవచ్చు. మూడింటికీ పైకి కనిపించే రంగు ఒకటే. మూడింటికీ ఒకే పసరు పనిచేస్తుందనుకోవటం, దీపం వెలగనప్పుడెల్లా నూనె పోస్తే సరిపోతుందనుకోవటం వంటిది. వత్తి తడిసి ఉండవచ్చు, గాలి వీస్తూ ఉండవచ్చు.

మన పల్లెలలో వచ్చే కామెర్లలో అధికభాగం కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ అనే వైరస్‌ల పని. 1955 చివరలో మురుగునీరు యమున ద్వారా ఢిల్లీ నగరపు నీటి సరఫరాలో కలిసి, 29 వేలకు పైగా జనానికి కామెర్లు వచ్చినవి. అప్పట్లో దాచి ఉంచిన రక్తపు నమూనాలను 1980లో తిరిగి పరీక్షించినప్పుడు అది ఏ వైరస్ కాదని తేలింది. ఈనాడు దానిని ఈ వైరస్ అని గుర్తిస్తున్నారు. ఈ రెండు రకాల జబ్బులు అత్యధిక సంఖ్యాకులకు కొద్ది వారాలలో, మహా అయితే రెండు నెలలలో వాటంతట అవే తగ్గిపోతవి. వైరస్‌ను చంపే మందు అక్కరలేదు. ఏ రకంలో మరణించేవారు నూటికి ఒకరికి లోపు. కన్నులు బాగా పచ్చబడిన తరువాతనే మనిషి వైద్యుని వద్దకు పోతాడు. అంటే జబ్బు దిగుముఖం పట్టబోయే వేళకు పసరు మొదలవుతుంది. నూరుమందికి పసరు ఇస్తే తొంభైతొమ్మిది మంది వచ్చి దండం పెట్టుతారు. పసరుకు బదులు వట్టి మజ్జిగ ఇచ్చినా ఆ తొంభైతొమ్మిది మందీ వస్తారు. పసరువైద్యుడు మోసగాడు కానక్కరలేదు. అతడు చూసిన ఫలితం నిజమే. దానికి అతడు చెప్పుకొన్న కారణానికి మాత్రం ఆధారం లేదు.

కనుక ఈ మొక్క శక్తి తేలాలంటే దానంతట అది తగ్గని జబ్బుమీద తేలాలి. అటువంటిది హెపటైటిస్ బి. ఇది రక్తం ద్వారా, ప్రసవ సమయంలో తల్లినుంచి బిడ్డకు, లైంగిక సంబంధం ద్వారా సంక్రమిస్తుంది. పెద్దవారికి సోకితే నూటికి 95 మందికి పైగా దానిని వదిలించుకొంటారు. పుట్టినపుడు సోకిన శిశువులలో నూటికి 90 మందికి అది జీవితాంతం నిలిచిపోతుంది. ఏళ్ళు గడచిన తరువాత కాలేయం గట్టిపడటం, కాన్సర్ రావటం ఈ నిలిచిపోయినవారిలోనే. వీరిలో ఆ వైరస్ ఉపరితల ఆంటిజెన్ తనంతట తాను మాయమయ్యేది ఏడాదికి నూటికి ఇంచుమించు ఒకరికి. ఇక్కడ మందు పనిచేస్తే కనబడుతుంది, చేయకపోతే దాగదు.

ఈ ఆంటిజెన్‌ను కనిపెట్టిన బ్లుంబర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1976లో నోబెల్ బహుమానం పొందాడు. ఆయన, వెంకటేశ్వరన్, మిల్‌మన్ కలిసి మన దేశపు నేల ఉసిరిక కషాయాన్ని ప్రయోగశాలలో పరీక్షించి 1987లో ఫలితాలు ప్రకటించారు. ఉడ్‌చక్ అనే ఉడుత జాతి జంతువుకు ఇటువంటి వైరసే సోకుతుంది. కొత్తగా సోకిన నాలుగు జంతువులకు ఈ కషాయం ఇవ్వగా మూడింటిలో వైరస్ గుర్తులు మాయమైనవి. మరుసటి సంవత్సరం, 1988లో, మద్రాసులో త్యాగరాజన్ ప్రభృతులు బ్లుంబర్గ్‌తో కలిసి మనుష్యులమీద జరిపిన పరీక్ష లాన్సెట్ పత్రికలో వచ్చింది. వేరు తీసివేసిన మొక్క పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు సార్లు నెల రోజులు ఇచ్చారు. మందు తీసుకొన్న 37 మందిలో 22 మందికి ఆంటిజెన్ పోయింది. ఉత్తుత్తి మందు తీసుకొన్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఏడాదికి నూటికి ఒకరికి జరిగేది నెలకు నూటికి 59 మందికి జరిగిందంటే ప్రపంచం ఉలికిపడక ఏమి చేస్తుంది? మన పుస్తకాలలోని "ఆధునిక శాస్త్రజ్ఞులు నిరూపించారు" అనే వాక్యానికి మూలం ఇదే.

ఈ వాక్యం వ్రాసినవారు మూడు సంగతులు విడిచిపెట్టారు. ఉడ్‌చక్‌లకు ఆ కషాయాన్ని త్రాగించలేదు, కడుపుకుహరంలోకి సూదితో ఎక్కించారు. అది పసరు త్రాగటంతో సమానం కాదు. రెండవది, మద్రాసు పరిశోధకులు తమ వ్యాసంలో దీనిని ప్రాథమిక పరీక్ష అనే అన్నారు. వారు ప్రాథమికం అన్నదానిని మనవారు అంతిమం చేశారు. మూడవది అన్నింటికంటె పెద్దది. 1988 తరువాత కూడా క్యాలెండరు ఆగలేదు. 1990లో థాయిలాండు వైద్యులు ఈ అమారస్‌తోనే, ఈ మోతాదునే పరీక్షించి, ఆంటిజెన్ పోలేదని ఆ లాన్సెట్ పత్రికలోనే ప్రకటించారు. 1994లో న్యూజిలాండులో నూరుమందికి పైగా రోగులమీద జరిపిన పరీక్షలో కూడా మందుకు, ఉత్తుత్తి మందుకు తేడా కనబడలేదు. 2011లో కాక్రేన్ సంస్థ తరఫున 16 పరీక్షలను, 1,326 మంది రోగుల వివరాలను కలిపి పరిశీలించారు. ఉత్తుత్తి మందుకంటె ఈ మొక్కల మందు మేలని నమ్మటానికి తగిన ఆధారం దొరకలేదు. వైరస్ మందులతో కలిపి ఇచ్చినపుడు కొంత మేలు సూచించే పరీక్షలున్నవి. కాని వాటిని నిర్వహించిన తీరులోనే లోపాలున్నవని సమీక్షకులు వ్రాశారు. 1988 నాటి మాటను ముప్ఫై సార్లు అచ్చువేసినవారికి 1990 నాటి మాటను ఒక్కసారి అచ్చువేయటానికి చోటు దొరకకపోవటం నాకు అన్నింటికంటె చిత్రంగా తోస్తుంది.

మద్రాసులో వచ్చిన ఫలితం మిగతా చోట్ల ఎందుకు రాలేదు? మొక్క పెరిగిన నేల, కోసిన ఋతువు, నిలవచేసిన తీరు వేరు కావచ్చునని కొందరన్నారు. రోగుల జబ్బు వయస్సు వేరు కావచ్చునని కొందరు. జాతి వేరేమోనని అనుమానించినవారు కూడా ఉన్నారు. అందుచేతనే పరిశోధకులు తరువాతి కాలంలో యూరినేరియాను అమారస్ ప్రక్కన పెట్టి పోల్చి చూశారు. పేరు గొడవ వట్టి గొడవ కాదని ఇందువల్ల తెలుస్తుంది. కాని ఒకటి గమనించాలి. మొక్కకు శక్తి ఉండి, అది నేలనుబట్టి ఋతువునుబట్టి ఇంతగా మారుతుందంటే, గట్టుమీద పీకిన మొక్క పనిచేస్తుందో లేదో చెప్పటం ఇంకా కష్టమవుతుంది. ఈ వాదం పసరుకు సాయపడేది కాదు.

రసాయనశాస్త్రాన్ని పిలిచే తీరు కూడా చూడదగినది. ఈ కథలో మన ప్రాంతానికి గర్వకారణమైన భాగం ఒకటి ఉన్నది. మూలికల పుటలలో అదే కనిపించదు. 1946లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జి. వి. కృష్ణమూర్తి, టి. ఆర్. శేషాద్రి ఈ మొక్కలోని చేదు ద్రవ్యాన్ని గురించి వ్యాసం ప్రకటించారు. అదే ఫిల్లాంథిన్. 1964–66 ప్రాంతాన అక్కడే ఎల్. రామచంద్రరావు, ఆయన సహచరులు దాని అణునిర్మాణాన్ని విప్పారు. 24 కార్బన్, 34 హైడ్రొజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు గల లిగ్నాన్ అది. ఆ వ్యాసాలలో కూడా మొక్క పేరు నిరూరి అనే ఉన్నది. అది ఆనాటి వాడుక. 1985లో మరికొందరు ఫిల్లాంథిన్, దాని సోదరద్రవ్యమైన హైపోఫిల్లాంథిన్ ఎలుక కాలేయకణాలను కార్బన్ టెట్రాక్లోరైడు వంటి విషాల బారినుంచి కొంత కాపాడుతవని చూపారు. మంచి పని. కాని మన పల్లెలో కామెర్లు వచ్చినవాడు కార్బన్ టెట్రాక్లోరైడు త్రాగినవాడు కాడు. పాత్రలోని ఎలుక కణాలనుంచి మంచంమీది మనిషి వరకు ఉన్న దూరాన్ని "ఇందులో ఫిల్లాంథిన్ ఉన్నది కనుక కామెర్లను పోగొట్టును" అనే ఒక్క వాక్యంతో దాటించటం రసాయనశాస్త్రం కాదు. పైగా ఈ ద్రవ్యం అమారస్‌లో సమృద్ధిగా ఉండి, దాని బంధువులు కొన్నింటిలో నామమాత్రంగా ఉంటుంది. మళ్ళీ పేరు దగ్గరికే వచ్చాము.

దీని అర్థం మూలికలన్నీ వట్టివి అని కాదు. అట్లా తీసివేసే వర్గం కూడా ఒకటి ఉన్నది, ముఖ్యంగా పట్టణాలలో. వారి తొందర కూడా ఈ తొందరకు తోబుట్టువే. సర్పగంధను మన వైద్యులు ఉన్మాదానికి వాడేవారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దానిని రక్తపు పోటు రోగులకు ఇచ్చి, కొలిచి, ఫలితాలు అచ్చువేశాడు. 1952లో దానినుంచి రిసర్పిన్ వేరుచేశారు. చీనాలో మాచిపత్రికి బంధువైన ఒక మొక్కనుంచి మలేరియాను అణచే ఆర్టిమిసినిన్ తీసిన తూ యూయూకు 2015లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ మొక్కల సంప్రదాయం కూడా నేల ఉసిరిక సంప్రదాయం వంటిదే. తేడా ఏమంటే అవి పరీక్షకు కూర్చుని ఉత్తీర్ణమైనవి. నేల ఉసిరిక ఒక పరీక్షలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణమై, ఆ తరువాత వరుసగా తప్పింది. ఇంకొక పరీక్షకు కూర్చోరాదని ఎవరూ అనరు. ఉత్తీర్ణమైనదని పట్టా అచ్చువేసి పంచటమే తప్పు.

పట్టాను నమ్మినవారికి కలిగే నష్టం చిన్నది కాదు. హెపటైటిస్ ఈ సామాన్యంగా తేలికగా పోయే జబ్బే అయినా, నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే నూటికి 20 నుంచి 25 మంది వరకు ప్రాణాపాయం ఉన్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరిస్తున్నది. ఆమెకు మూడు రోజుల పసరు, ఏడు రోజుల పథ్యం అంటే ఆ మూడు రోజులు, ఏడు రోజులు ఆమె చేతిలో ఉన్నవి కావు. పైత్యనాళానికి రాయి అడ్డుపడినవానికి రోజు రోజుకూ జ్వరం, చలి, నొప్పి పెరుగుతవి; శస్త్రవైద్యుడు తీయవలసిన రాయిని మజ్జిగ తీయదు. పసరుతో ఆగని చోట్లు కూడా ఉన్నవి. కన్నులలో పసరు పిండటం, ముంజేతిమీద వాత పెట్టటం నేటికీ వింటున్నాము. బి రకం సోకినవాడు పసరు త్రాగి, కన్నుల పచ్చదనం పోగానే నయమైందనుకొని, రక్తపరీక్ష మానివేస్తే వైరస్ లోపలే ఉండిపోవచ్చు. ఆ రకానికి టీకా ఉన్నది. మన దేశపు టీకాల కార్యక్రమంలో 2002లో ప్రయోగాత్మకంగా చేరి, 2011లో దేశమంతటికి విస్తరించింది. మొదటి మోతాదును శిశువు పుట్టిన 24 గంటలలోగా వేయాలి. తల్లినుంచి బిడ్డకు సోకే దారిని మూసే సాధనం అదే. నేల ఉసిరిక మీద పుటలకు పుటలు వ్రాసే చోట ఈ ఒక్క వాక్యం చేర్చటానికి ఎంత సిరా పడుతుంది?

పాఠశాలలలో మూలికా వనాలు వేసి, మొక్కముందు రేకుబిళ్ళమీద పేరు, ఉపయోగం వ్రాసి నిలబెట్టటం మంచి అలవాటు. నేల ఉసిరిక విత్తనక్కరలేదు, దానంతట అదే వస్తుంది. ఆ బిళ్ళమీద 'ఫిల్లాంథస్ నిరూరి – కామెర్లకు దివ్యౌషధం' అని ఉంటే ఉపాధ్యాయులు దానిని చెరిపించి, ముందు పువ్వులు పరీక్షింపజేయవచ్చు. శ్రావణభాద్రపదాలలో పూత, కాత రెండూ దొరుకుతవి. రక్షకపత్రాలు లెక్కించి, గింజ గీతలు చూసి, ఏ జాతియో విద్యార్థులే తేల్చి వ్రాయాలి. ఉపయోగం అన్న చోట 'ఈ ఊరిలో కామెర్లకు, గజ్జికి వాడుతారు' అని వ్రాస్తే అది సత్యం. దాని క్రింద 1988, 1990, 1994, 2011 అనే నాలుగు సంవత్సరాలు, ఒక్కొక్కదానికి ఎదురుగా ఒక్కొక్క ముక్క వ్రాయటానికి రేకుమీద చోటు సరిపోతుంది. మొక్కను పీకి కాగితాల నడుమ ఒత్తి ఉంచేటప్పుడు వేరుతోసహా తీయాలి. ఎండిన తరువాత గింజలు రాలిపోతవి కనుక వాటిని చిన్న పొట్లంలో కట్టి అదే కాగితానికి అంటించాలి.